ఇంటి వైరింగ్: రూల్‌కి సరిపోతే చాలా, ఇంకా పైన చేయించాలా?

నెల్లిమర్ల కొత్తిల్లు

అందరికీ నమస్కారం. నెల్లిమర్ల దగ్గర కింద ఒక పోర్షన్, పైన ఒక పోర్షన్ కడుతున్నాం. శ్లాబులు అయిపోయాయి, పైపులు వేసేశారు. ఇప్పుడు గోడలకి గాడి కొట్టి వైర్లు లాగాలి. అక్కడే ఆగాం. ఇద్దరు ఎలక్ట్రీషియన్లతో మాట్లాడితే ఇద్దరి మాటకీ పొంతన లేదు.

మొదటాయన లైసెన్సున్న కాంట్రాక్టర్ దగ్గర పనిచేస్తారు. రూల్‌లో ఎంతుందో అంతే చేస్తానన్నారు. లైట్లూ ఫ్యాన్లూ సర్క్యూట్‌కి పది పాయింట్లు, 800 వాట్లు. పవర్ సాకెట్లు లైన్‌కి రెండు. లైట్లకి 1.5, పవర్‌కి 2.5, ఏసీకి 4 స్క్వేర్ ఎంఎం వైరు. మెయిన్‌లో ఒక ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే దానంతటదే పడిపోయి లైన్ ఆపేసే స్విచ్), బయట ఒక ఎర్త్ గొయ్యి.

రెండో ఆయన మా వీధిలో పెద్దాయన. వైర్‌మన్ పర్మిట్ ఉంది, పనిమంతుడని ఊరంతా చెప్తారు. ఆయన లెక్క వేరు. గదికో సర్క్యూట్, ఫ్రిజ్‌కి విడిగా లైను, ఎర్త్ గొయ్యిలు రెండు, ప్రతి బాక్సులో జానెడు వైరు వదలాలి, శ్లాబు పైపుల్లో ఒక్క జాయింట్ కూడా ఉండకూడదు. వింటుంటే ముచ్చటేసింది. కానీ ఆర్‌సీసీబీ మాత్రం వద్దంటున్నారు. "వానాకాలం అర్ధరాత్రి ఊరికే పడిపోతుంది. నా ఎర్త్ గట్టిగా ఉంటే దానితో పనేమిటి?" అంటున్నారు.

ఖర్చులో తేడా బాగానే ఉంది. అది పక్కన పెట్టినా, ఇందులో రూల్ ఏది, మంచి పద్ధతి ఏది, ఎవరి అలవాటు వాళ్లు చెప్పేది ఏది అన్నది నాకు తేలడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

బొబ్బిలి వైర్‌మన్

పెద్దాయన చెప్పినవన్నీ చేయించండి, ఆర్‌సీసీబీ వద్దన్న మాట తప్ప. ఆ ఒక్క విషయంలో ఎంత పేరున్న మనిషైనా వినకండి.

పది పాయింట్లు, 800 వాట్లు అన్నది ఐఎస్ 732లో, అంటే వైరింగ్‌కి మన దేశపు ప్రమాణ కోడ్‌లో, ఎప్పటి నుంచో ఉన్న లెక్క. గదికి ఒక 60 వాట్ల బల్బు, ఒక ఫ్యాను ఉన్న రోజుల నాటిది. ఇప్పుడు ఎల్ఈడీలతో ఇల్లంతా వెలిగించినా 800 వాట్లు రావడం కష్టం. కాబట్టి వైరు వేడెక్కుతుందన్న భయంతో గదికో సర్క్యూట్ వేయనక్కర్లేదు. మరి ఎందుకు వేస్తామంటే, ఒక గదిలో షార్ట్ అయితే ఆ గది ఒక్కటే ఆరిపోవాలి. వంటింట్లో పొయ్యి మీద నూనె కాగుతుండగా ఇల్లంతా చీకటి కాకూడదు. తర్వాత ఫాల్ట్ వెతికేవాడికి సగం పని తగ్గుతుంది. రూల్ దీన్ని అడగదు. పని తెలిసినవాడు ఎవరూ అడక్కుండానే చేస్తాడు.

శ్లాబు పైపులో జాయింట్ వద్దన్నది మాత్రం ఆయన సొంత పట్టింపు అనుకోకండి. జాయింట్ ఎక్కడున్నా మూత తీసి చూసుకునేలా బాక్సులోనే ఉండాలని కోడ్ కూడా అంటుంది. వైరు చాల్లేదని మధ్యలో అతికి, టేపు చుట్టి పైపులోకి తోసేస్తే అది వేడెక్కుతున్న సంగతి ఎవరికీ తెలియదు. మొదటాయనతో కూడా ఆ మాట ముందే అనిపించుకోండి.

శ్రీకాకుళం మాస్టారు

పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చెప్తాను. "నా ఎర్త్ గట్టిది, ఆర్‌సీసీబీ అక్కర్లేదు" అన్నది చాలామంది మంచి పనివాళ్లు నిజాయితీగా నమ్మే మాట. అందుకే లెక్క వేసి చూపిస్తాను.

గీజర్ ఎలిమెంట్ పాడై ఫేజు బాడీకి తగిలిందనుకోండి. ఇంటి ఎర్త్ 4 ఓంలు అనుకుందాం. ఊళ్లో ఇళ్లకి అది చాలా మంచి ఎర్త్. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ ఎర్త్ 2 ఓంలు. మొత్తం 6. 230ని 6తో భాగిస్తే 38 ఆంపియర్లు. గీజర్‌కి 20 ఆంపియర్ల సి టైపు ఎంసీబీ (ఓవర్‌లోడైనా, షార్టైనా పడిపోయే స్విచ్) పెట్టారు. అది వెంటనే పడాలంటే అయిదు నుంచి పది రెట్లు, అంటే 100 నుంచి 200 ఆంపియర్లు పారాలి. మనకి వచ్చింది రెండు రెట్లు కూడా లేదు. 2.55 రెట్లు పారినా పడటానికి ఒక నిమిషం దాకా తీసుకోవచ్చని ఎంసీబీల ప్రమాణమే ఒప్పుకుంటుంది. ఇక్కడ అంతకంటే ఎక్కువ సేపే పట్టొచ్చు. ఆ సేపంతా గీజర్ బాడీ మీద, దానికి కలిసిన ఇనప గొట్టం మీద, కుళాయి మీద 38 ఇంటూ 4, సుమారు 150 వోల్టులు నిలబడి ఉంటాయి. తడి నేల మీద నిలబడి కుళాయి తిప్పిన మనిషి ప్రాణం పోవడానికి అది చాలు.

30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అదే లీకేజీకి రెప్పపాటులో పడుతుంది. ఎర్త్ 4 ఓంలున్నా, 40 ఓంలున్నా పడుతుంది. మంచి ఎర్త్ కావాలి, కాదనను. కానీ ఎర్త్ చేసే పని వేరు, ఆర్‌సీసీబీ చేసే పని వేరు.

ఇక చట్టం సంగతి. ఐఎస్ 732, నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ ఇవి పద్ధతులు చెప్పే పుస్తకాలు. కట్టుబడి ఉండాల్సింది 2003 విద్యుత్ చట్టం కింద కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ తెచ్చిన భద్రతా నిబంధనలకి. 2010లో వచ్చాయి, 2023లో వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి. చిన్న లోడు కనెక్షన్లని మినహాయిస్తే లీకేజీకి పడే పరికరం ఉండాలని వాటిలోనే ఉంది, ఇళ్లకి 30 మిల్లీ ఆంపియర్లు మించకూడదు. గీజరు, ఏసీ పెట్టుకునే రెండు పోర్షన్ల ఇంటికి మినహాయింపు వర్తించదు. పెద్దాయన వద్దంటున్నది చట్టం అడుగుతున్నదాన్ని.

రాజాం మిల్లు మెయింటెనెన్స్

మాస్టారి లెక్కతో నాకు పేచీ లేదు. ఆర్‌సీసీబీ ఉండాల్సిందే. కానీ చర్చ అంతా రూల్ చుట్టూ తిరుగుతోంది, అది నాకు నచ్చలేదు.

రూల్ ఎవరు చూస్తున్నారు? కొత్త కనెక్షన్‌కి కాంట్రాక్టర్ సంతకం పెట్టిన రిపోర్టు కావాలి. ఇల్లు చూడకుండా, మెగ్గర్ (వైరు ఇన్సులేషన్ కొలిచే మీటరు) బయటికి తీయకుండా అంకెలు నింపిన రిపోర్టులు నేను చూశాను. కాగితం మీద అన్నీ సరిగ్గా ఉంటాయి. ఇంట్లోకి వెళ్లి డీబీ (ఎంసీబీలన్నీ ఉండే పెట్టె) మూత తీస్తే అసలు కథ కనబడుతుంది.

బంధువుల ఇంట్లో ఏసీ వేస్తే లైట్లు మిణుకుమంటున్నాయంటే వెళ్లాను. వైరు సైజు కరెక్టే. ఎంసీబీ కరెక్టే. ఆర్‌సీసీబీ ఉంది. రూల్ పుస్తకం పట్టుకుని చూస్తే తప్పు దొరకదు. మూత తీయగానే కాలిన ప్లాస్టిక్ వాసన. న్యూట్రల్ లింకులో (న్యూట్రల్ వైర్లన్నీ బిగించే ఇత్తడి పట్టీ) ఏసీ వైరు పెట్టిన రంధ్రం చుట్టూ ఇత్తడి నల్లబడింది. ఆ వైరు మీది పీవీసీ వేలెడు మేర గోధుమ రంగుకి మారి పెళుసెక్కింది. మెయిన్ ఆపి స్క్రూడ్రైవర్ పెడితే స్క్రూ రెండు చుట్లు తిరిగింది. సన్నపోగుల వైరుని లగ్గు (వైరు కొసకి తొడిగే లోహపు తొడుగు) లేకుండా నేరుగా పెట్టారు. స్క్రూ కింద సగం పోగులు తెగిపోయి ఉన్నాయి. మిగిలిన పోగుల మీదే ఏసీ నడుస్తోంది. ఏ పుస్తకమూ వచ్చి ఆ స్క్రూ బిగించదు. ఆ చెయ్యి బాధ్యతగా ఉండాలి, అంతే.

అందుకని నా మాట ఇది: రూల్ తెలిసి చెయ్యి సరిగా లేనివాడికంటే, పెద్దాయనలాంటి మనిషితో పని చేయించుకుని ఆర్‌సీసీబీ వరకు పట్టుబట్టడం మేలు.

బొబ్బిలి వైర్‌మన్

రాజాం అన్నా, స్క్రూ బిగించడం కూడా కోడ్‌లో ఉన్నదే. కనెక్షన్లు గట్టిగా, వేడెక్కకుండా ఉండాలని రాసే ఉంది. ఎవరూ చూడటం లేదన్నది నిజమే, దానికి రూల్‌ని తప్పుపట్టకూడదు.

సొంత పద్ధతి అనేదాన్ని కూడా నేను గుడ్డిగా నమ్మను. ఇరవై ఏళ్ల అనుభవం అని చెప్పి చేసే పనులు కొన్ని చెప్తాను. ఎంసీబీ పడుతోందని 16 తీసి 32 పెట్టడం. వైరు అదే 2.5. ఇప్పుడు ఎంసీబీ పడదు, వైరు కాలుతుంది. ఎర్త్ లేని ఇంట్లో సాకెట్ మూడో పిన్నుని న్యూట్రల్‌కి కలిపేయడం, "షాక్ కొట్టదు" అని భరోసా ఇవ్వడం. ఎక్కడైనా ఆ న్యూట్రల్ తెగిందా, వాషింగ్ మెషిన్ బాడీ మొత్తం ఫేజు అవుతుంది. కంప్యూటర్‌కి స్పెషల్ ఎర్త్ అని మిగతా ఎర్త్‌తో కలపకుండా విడిగా ఒకటి వేయడం. పిడుగు దగ్గర్లో పడితే ఆ రెండు ఎర్త్‌ల మధ్య వేల వోల్టులు తేడా వస్తుంది. ఇవి చేసేవాళ్లు మోసగాళ్లు కారు. మంచి చేస్తున్నామనే చేస్తారు. వాళ్ల గురువు అలాగే నేర్పాడు.

ఆమదాలవలస తమ్ముడు

అన్నా, నేను ఐటీఐ అయి ఒక మేస్త్రి దగ్గర పని నేర్చుకుంటున్నాను. ఆకుపచ్చ వైరు కట్ట మిగిలితే ఫేజుకి లాగించేస్తారు. "కరెంటుకి రంగు తెలుసా, కలిపేది నువ్వే కదా" అంటారు. ఎదురు చెప్పలేను. ఇది నిజంగా అంత ముఖ్యమా?

బొబ్బిలి వైర్‌మన్

చాలా ముఖ్యం తమ్ముడూ. ఎరుపు, పసుపు, నీలం ఫేజులకి. నలుపు న్యూట్రల్‌కి. ఆకుపచ్చ, లేదా పసుపు చారల ఆకుపచ్చ, ఎర్త్‌కి తప్ప ఇంకెక్కడా వాడకూడదు. ఈరోజు కలిపేది నువ్వే. పదేళ్ల తర్వాత ఆ బాక్సు విప్పేది ఇంకెవరో. ఆకుపచ్చ కనబడితే చెయ్యి వేస్తాడు, ఎర్త్ కదా అని. ఆ నమ్మకం మీదే మనందరం పని చేస్తున్నాం.

మేస్త్రితో గొడవ పెట్టుకోకు. "ఎర్త్ వైరు తక్కువ పడుతుందేమో, ఇది దాచి ఉంచుదాం" అని చెప్పి ఎర్రది తెప్పించు.

శ్రీకాకుళం మాస్టారు

బాగా చెప్పారు. రంగు విషయంలో సొంత పద్ధతికి చోటు లేదు. వైరు సైజు పెంచుకోండి, సర్క్యూట్లు పెంచుకోండి, బాక్సు పెద్దది పెట్టుకోండి, ఎవరూ కాదనరు. పది మందికీ ఒకే అర్థం వచ్చేలా పెట్టుకున్న గుర్తుల్ని మాత్రం ఎవరికివారు మార్చుకుంటే ప్రమాదం. స్విచ్ ఫేజులోనే ఉండాలి, సాకెట్‌కి ఎదురుగా నిలబడితే కుడివైపు ఫేజు రావాలి. ఇవీ అలాంటివే.

రాజాం గారికి ఒక మాట. ఆ నిబంధనల్లో నాకు ఇష్టమైన వాక్యం ఒకటుంది. లైన్లు, పరికరాలు మనుషులకీ, పశువులకీ, ఆస్తికీ భద్రత ఉండేలా కట్టాలి, నడపాలి, చూసుకోవాలి అని. దానికి ఐఎస్ కోడ్‌నో, నేషనల్ కోడ్‌నో అనుసరించవచ్చు అని తర్వాత వస్తుంది. చట్టం ముందు అడిగేది భద్రత. పది పాయింట్లు, 2.5 వైరు అన్న అంకెలు దానికోసం వచ్చినవి. అంకెలన్నీ సరిపోయి న్యూట్రల్ లింకు కాలుతున్న ఇల్లు రూల్‌కి సరిపోయిన ఇల్లు కాదు.

రాజాం మిల్లు మెయింటెనెన్స్

ఈ మాట ఒప్పుకుంటాను మాస్టారూ.

నెల్లిమర్ల కొత్తిల్లు

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. పెద్దాయనతో మళ్లీ మాట్లాడాను. మాస్టారి లెక్క చూపించాను. శ్రద్ధగా విన్నారు, కొట్టిపారేయలేదు. కానీ, "నా ఎర్త్‌ని బల్బు పెట్టి చూస్తాను. ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య వంద వాట్ల బల్బు న్యూట్రల్ మీద వెలిగినట్టే వెలుగుతుంది. అంతకంటే ఏం కావాలి?" అన్నారు. ఆర్‌సీసీబీ గురించి ఆయన బాధ ఏమిటంటే, తను పెట్టిన కొన్ని ఇళ్లలో అది పదేపదే పడిపోయి, చివరికి యజమానులే తీయించేశారట.

శ్రీకాకుళం మాస్టారు

బల్బు పరీక్ష చాలా పాతది. ఎర్త్ వైరు తెగిపోయిందా లేదా అన్నది చెప్తుంది. ఎర్త్ ఎంత మంచిదో చెప్పలేదు. వంద వాట్ల బల్బు వెలుగుతున్నప్పుడు దాని నిరోధం 530 ఓంల చుట్టూ ఉంటుంది. ఎర్త్ 20 ఓంలున్నా బల్బుకి 96 శాతం వోల్టేజీ అందుతుంది. 2 ఓంలకీ 20 ఓంలకీ తేడా కంటికి కనబడదు. అదే ఫాల్ట్ వచ్చినప్పుడు ఆ రెండిటికీ చాలా తేడా ఉంటుంది. ఎర్త్ టెస్టర్‌తో, రెండు మేకులు దూరంగా పాతి కొలవాలి. పెద్దాయన పని మీద నాకు గౌరవమే. కొలిచి చూపిస్తే ఆ గౌరవానికి అంకె కూడా తోడవుతుంది.

బొబ్బిలి వైర్‌మన్

ఆర్‌సీసీబీ ఊరికే పడదండీ. నేను వెళ్లి చూసిన చోట్ల ఎక్కువగా కనబడేవి ఇవి. ఒకే ఆర్‌సీసీబీ కింద లేని రెండు సర్క్యూట్ల న్యూట్రల్ ఏదో ఒక స్విచ్ బాక్సులో కలిసిపోయి ఉంటుంది. మెట్ల దగ్గర టూ వే స్విచ్‌కి కింది నుంచి ఫేజు, పై నుంచి న్యూట్రల్ తీసుకుంటారు. వెళ్లిన కరెంటు అదే దారిలో తిరిగి రాకపోతే ఆర్‌సీసీబీకి అది లీకేజీగానే కనబడుతుంది. ఇన్వర్టర్ పెట్టినవాడు న్యూట్రల్‌ని దొరికిన చోట తగిలించేస్తాడు. ఎక్కడో న్యూట్రల్ ఎర్త్‌కి తగిలి ఉంటుంది. గేటు లైటులోకి వాన నీళ్లు దిగుతాయి. పాత గీజర్ ఎలిమెంట్ తేమ పట్టి లీకవుతుంది. చివరి రెండింటిలో అది పడటమే దాని పని.

మీ పెద్దాయన గదికో సర్క్యూట్ అంటున్నారు చూశారా, ప్రతి సర్క్యూట్‌కీ దాని న్యూట్రల్ దానికే విడిగా లాగి డీబీ దాకా తెస్తే ఆర్‌సీసీబీ నిలబడుతుంది. ఆయన పద్ధతికి ఆర్‌సీసీబీ శత్రువు కాదు, అంత శుభ్రంగా చేసే పనిలోనే అది సరిగ్గా పనిచేస్తుంది. ఈ మాట ఆయనకి చెప్పండి.

ఇల్లంతటికీ ఒక్కటి పెట్టకండి. కింద పోర్షన్‌కి ఒకటి, పైదానికి ఒకటి, గీజర్లకీ బయట సాకెట్లకీ కలిపి ఒకటి. దేని న్యూట్రల్ లింకు దానికి విడిగా ఉండాలి. గేటు లైటు తడిస్తే ఫ్రిజ్ ఆగకూడదు. ఇన్వర్టర్ ఏసీలు ఉంటే "A" టైపు ఆర్‌సీసీబీ అడగండి, మామూలు "AC" టైపు కాదు. ఇన్వర్టర్ బ్యాటరీ మీద నడిచే లైన్‌కి దాని అవుట్‌పుట్‌లో విడిగా ఒకటి ఉండాలి. ఇంకోటి, ఆర్‌సీసీబీ ఉంది కదా అని ఎంసీబీలు తగ్గించకూడదు. ఓవర్‌లోడు దానికి తెలియదు.

విజయనగరం పాతిల్లు

నమస్కారమండీ. మాది కోట దగ్గర మా మామగారి కాలం నాటి ఇల్లు. చెక్క బద్దీల మీద వైరింగ్, నల్లటి గుండ్రటి స్విచ్‌లు, పింగాణీ ఫ్యూజులు. మా మరిది గారు "ఇన్నేళ్లూ ఏమీ కాలేదు, అప్పటి పని గట్టిది, ముట్టుకోకండి" అంటారు. మొన్న ఫ్యాను ఆపి తుడుస్తుంటే మా అమ్మాయికి షాక్ కొట్టింది. అప్పటి నుంచి నాకు టెన్షన్‌గా ఉంది. ఇల్లంతా తిరగతోడే స్తోమత ఇప్పుడు లేదు. కొత్త రూల్ పాత ఇంటికి వర్తిస్తుందా?

శ్రీకాకుళం మాస్టారు

అమ్మా, ముందు ఆ ఫ్యాను వాడకండి. స్విచ్ ఆపినా షాక్ కొట్టిందంటే రెండు కారణాలు ఉండొచ్చు. స్విచ్ న్యూట్రల్‌లో ఉంది, లేదా పాత బోర్డులో న్యూట్రల్‌కి కూడా ఫ్యూజు ఉంది, అది పోయింది. రెండిట్లోనూ ఫ్యాను ఆగుతుంది, ఫేజు అక్కడే ఉంటుంది. న్యూట్రల్‌లో ఫ్యూజు పెట్టకూడదని 1956 నాటి విద్యుత్ రూల్స్‌లోనే ఉంది. చాలా ఇళ్లలో ఇంకా అలాగే ఉండిపోయింది. దానికి తోడు ఫ్యాను లోపల వైరు కూడా బాడీకి తగిలి ఉంటుంది, లేకపోతే బాడీకి షాక్ రాదు. రెండూ చూపించాలి.

అప్పటి పని గట్టిదే. బద్దీలు టేకువి, క్లిప్పులు వరసగా ఉంటాయి, ఆ మేస్త్రీల చేతిపనికి దండం పెట్టాలి. కానీ లోపల వైరు మీద రబ్బరు. దానికి వయసైపోతుంది. హోల్డర్ దగ్గర వంచితే పొడిగా రాలిపోతుందేమో చూపించండి. 500 వోల్టుల మెగ్గర్‌తో కొలిపించండి, 1 మెగాఓం కంటే తక్కువ వస్తే ఆ సర్క్యూట్ మార్చాల్సిందే. కొలిచే ముందు ఎల్ఈడీ బల్బులు, టీవీ లాంటివి తీసేయాలి.

బొబ్బిలి వైర్‌మన్

అక్కా, ఒకేసారి అంతా మార్చక్కర్లేదు. మొదట మెయిన్ బోర్డు, ఎర్త్, ఆర్‌సీసీబీ. ఆ తర్వాత స్నానాల గది, వంటిల్లు. ఆ తర్వాత మీ వీలుని బట్టి మిగతా గదులు. పాత వైరింగ్ మీద ఆర్‌సీసీబీ పెడితే మొదట్లో పడుతుంది. పడితే దాన్ని తీయించకండి, ఆ లైన్‌ని వెతికించండి. ఇంకోమాట, బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్ మార్చుకోవడం వరకు ఎవరైనా చేసుకోవచ్చు. కొత్త లైన్లు, మార్పులు మాత్రం లైసెన్సున్న కాంట్రాక్టర్ ద్వారానే, పర్మిట్ ఉన్న మనిషితోనే చేయించాలి. నెల్లిమర్ల గారికీ అదే మాట. పెద్దాయనకి పర్మిట్ ఉంది కాబట్టి ఆయన్ని మొదటి కాంట్రాక్టర్ కింద పని చేయమని అడగండి.

ఉద్దానం కొబ్బరితోట

సోంపేట వైపు మాది. మీరంతా ఇంట్లో వైరింగ్ గురించి మాట్లాడుతున్నారు. నాకు జనరేటర్ గురించి చెప్పాలని ఉంది.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. తోటలకి తోటలు పడిపోయాయి, స్తంభాలు వరసగా ఒరిగిపోయాయి. రోజుల తరబడి కరెంటు లేదు. అప్పుడు దొరికినవాళ్లందరూ జనరేటర్లు తెచ్చుకున్నారు. మోటారు ఆడాలి, ఫోన్లు ఛార్జ్ అవ్వాలి. చాలామంది చేసింది, రెండువైపులా ప్లగ్గు పెట్టిన వైరు తయారు చేసి, ఒకటి జనరేటర్‌లో, ఒకటి ఇంటి సాకెట్‌లో గుచ్చడం. మెయిన్ ఆపితే ఫరవాలేదు అనుకున్నారు. ఆపడం మర్చిపోతే? ఆ కరెంటు సర్వీసు వైరు మీదుగా స్తంభం ఎక్కుతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌లోకి తిరగబడి వెళ్తే అవతల 11 వేల వోల్టుల లైను బతుకుతుంది. లైన్ చచ్చిందనుకుని వైర్లు కలుపుతున్న లైన్‌మన్ దాని మీద ఉంటాడు. ఆ రోజుల్లో వాళ్లు వేరే జిల్లాల నుంచి వచ్చి, నిద్ర లేకుండా మనకోసం పని చేశారు.

రూల్ ప్రకారం చేంజోవర్ స్విచ్ ఉండి తీరాలి. ఫేజు, న్యూట్రల్ రెండూ తెగేది. మెయిన్ అయినా జనరేటర్ అయినా ఏదో ఒకటే కలవాలి. ఇందులో నా పద్ధతి, నీ పద్ధతి అనేది లేదు. వైరింగ్ చేసే రోజే దాని చోటు ఉంచండి. నెల్లిమర్ల గారూ, 2014లో హుద్‌హుద్ తుఫాను అప్పుడు మీ వైపూ చీకట్లోనే ఉన్నారు కదా.

సముద్రం దగ్గర వాళ్లకి ఇంకోటి. ఎర్త్ గొయ్యిలో బొగ్గుతో పాటు ఉప్పు బస్తా పోయడం అందరి అలవాటు. మా ఉప్పు గాలికి, ఆ ఉప్పుకి కలిసి జీఐ (జింకు పూత ఇనప) పైపు బోల్టు దగ్గర తినేస్తుంది. పైన చూస్తే పైపు ఉంటుంది, చెయ్యి పెట్టి లాగితే స్ట్రిప్ ఊడి వస్తుంది. మేం ఇప్పుడు రాగి ఎలక్ట్రోడ్ వేసి, గొయ్యి మూత తీసి వానలకి ముందు చూసుకుంటున్నాం.

గరివిడి

పందిళ్ల గురించి కూడా ఎవరైనా పట్టించుకోవాలి. వినాయక చవితికి, పైడితల్లి పండగకి ఇనప గొట్టాల పందిరి, దాని చుట్టూ మెలిపెట్టిన సన్న వైరు, చిన్నపిల్లలు ఆ గొట్టాలు పట్టుకుని వేలాడుతుంటారు. వాన కూడా అప్పుడే. కుర్రాళ్లు భక్తితో చేస్తారు, వాళ్లని తప్పుపట్టను. కమిటీ వాళ్లు ఒక చిన్న డీబీ కొని, అందులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టుకుంటే ప్రతి పండక్కీ అదే వాడొచ్చు. మా వీధిలో చేశాం.

రాజాం మిల్లు మెయింటెనెన్స్

గరివిడి వారికి చెయ్యెత్తి దండం.

నెల్లిమర్ల కొత్తిల్లు

పని మొదలైంది. కాంట్రాక్టర్, పెద్దాయన కలిసి చేయడానికి ఒప్పుకున్నారు. న్యూట్రల్స్ దేనివి దానికి విడిగా లాగితే ఆర్‌సీసీబీ పెడతానని పెద్దాయన అన్నారు, ఇన్వర్టర్ కనెక్షన్ మాత్రం ఇంకొకరు ముట్టుకోకూడదని షరతు. డీబీ తలుపు లోపల ఏ ఎంసీబీ ఏ గదిదో రాసి అతికించమన్నాను, ఎర్త్ టెస్టర్‌తో కొలిచి ఆ అంకె కూడా అక్కడే రాస్తామన్నారు. ఎర్త్ గొయ్యిలు రెండూ కలపమన్నాను. చేంజోవర్‌కి చోటు ఉంచాం.

ఒక్కటి మిగిలింది. బోరు ఇంటి నుంచి 60 మీటర్లు. ఒకటిన్నర హార్స్‌పవర్ సింగిల్ ఫేజ్ మోటారు. కాంట్రాక్టర్ 2.5 వైరు చాలంటున్నారు, రూల్‌కి సరిపోతుందట. పెద్దాయన 4 వేయాలంటున్నారు. ఎవరి మాట వినాలి?

రాజాం మిల్లు మెయింటెనెన్స్

ఇది నా సబ్జెక్టు. ఇద్దరూ కరెక్టే.

మోటారు 9 ఆంపియర్లు తీసుకుంటుందనుకుందాం. 2.5 రాగి వైరుకి కిలోమీటరుకి సుమారు 7.4 ఓంలు. రానూ పోనూ 120 మీటర్లకి 0.89 ఓం. వోల్టేజీ 8 వోల్టులు తగ్గుతుంది, మూడున్నర శాతం. లైట్లు కాని లోడ్లకి 5 శాతం దాకా కోడ్ ఒప్పుకుంటుంది. ఇంట్లో మీటరు దగ్గర నుంచి బోరు లైను మొదలయ్యే చోటు దాకా పోయేది కలుపుకున్నా సరిపోవచ్చు. 4 వైరు అయితే 5 వోల్టులే, రెండుంపావు శాతం.

ఆ లెక్క 230 వస్తుందనుకుని వేసింది. సాయంత్రం మీ వైపు 190కి పడిపోయే రోజులుంటే? మోటారు స్టార్ట్ అయ్యేటప్పుడు అయిదు రెట్ల దాకా లాగుతుంది. 2.5 వైరులో అప్పుడు 40 వోల్టులు పోతాయి, మోటారు దగ్గర 150 మిగులుతుంది. తిరగలేక గుర్రుమంటుంది, వైండింగ్ వేడెక్కుతుంది, స్టార్టర్ పడుతుంది. 4 వైరు అయితే 25 వోల్టులే పోతాయి. 165 దగ్గర చాలా మోటార్లు కష్టం మీదైనా లేస్తాయి. కోడ్ రాసినవాళ్లకి మీ ఊరి సాయంత్రం వోల్టేజీ తెలియదు. పెద్దాయనకి తెలుసు.

4 వేయండి. వైరు కొనే ముందు రెండు పనులు చేయండి. మోటారు మీది పలక ఫోటో ఇక్కడ పెట్టండి, ఆంపియర్లు 9 కంటే ఎక్కువుంటే లెక్క మళ్లీ వేస్తాను. రాత్రి ఏడున్నర, ఎనిమిది మధ్య మెయిన్ దగ్గర వోల్టేజీ కాంట్రాక్టర్ చేత మీటరు పెట్టించి చూసి ఇక్కడ రాయండి. బోరు దగ్గర స్టార్టర్ బాక్సు ఇనపదైతే ఎర్త్ వైరు కూడా ఫేజు వైరుతో పాటే లాగాలి, మోటారు లైన్ కూడా ఆర్‌సీసీబీ కిందే ఉండాలి.

నెల్లిమర్ల కొత్తిల్లు

సాయంత్రం పలక ఫోటో పెడతానండి.